రెండు దిండ్లు

పోయిన వారం దేచాని మనం ఊరి బౌద్ధ విహారం ప్రహరీ గోడ మీద వదిలేశాం. ఒక కాలు లోపల, ఒక కాలు బయట. బయటి కాలి కింద దీపాలు ఆర్పుకుని నిలబడ్డ స్నేహితుడు ఎక్ గాడి పికప్ బండి. లోపలి కాలి కింద వారం రోజులుగా అతను పడుకుంటున్న చాప, దీక్షలో అడిగే, బట్టీ పట్టాల్సిన పాళీ ప్రశ్నల కాగితం. తెల్లవారితే తల గొరుగుతారు. ఆ మర్నాడు ఊరేగింపు, దీక్ష. పదిహేను రోజులు కాషాయం కట్టి, పదహారో రోజున బయటికొచ్చి కన్నికాతో నిశ్చితార్థం చేసుకోవాలి. ఏడేళ్లుగా ఇదిగో అదిగో అంటూ అతను నెట్టుకొచ్చిన మాటకి ఆఖరికి ఒక తేదీ పడింది. దీక్ష తీసుకోని మగాడు పచ్చి మనిషి, పచ్చి మనిషికి నా పిల్లనివ్వను అని కన్నికా తండ్రి తెగేసి చెప్పాక పడిన తేదీ అది.

అయినా గోడ దూకాడు. దూకేముందు తనకి తాను ఒక మంచి కారణం కూడా చెప్పుకున్నాడు. నెల కిందట ఖోన్‌కేన్ పట్నంలోని పబ్బులో, నాలుగో గ్లాసు మీద, అక్కడ పాటలు పాడే దావ్ చెయ్యి పట్టుకుని "నా దిండు నువ్వే మొయ్యాలి" అన్నాడు. దీక్షకి కూర్చున్నవాణ్ణి నాగుడంటారు. ఊరేగింపులో నాగుడి దిండు మోసే పిల్లే అతనికి కాబోయే పెళ్ళామని ఊళ్ళో చంటిపిల్లకి కూడా తెలుసు. తాగి నోరు జారకూడని మాట ఏదైనా ఉంటే అదే. ఆ మాట వెనక్కి తీసుకుని తెల్లవారేలోపు వచ్చేద్దామనుకున్నాడు.

పబ్బు తలుపు తెరుచుకోగానే దావ్ పాట మధ్యలో ఆపి, "మన నాగుడొచ్చాడు, చప్పట్లు!" అని మైకులో అరిచింది. దీపం గిర్రున తిరిగి అతని మొహం మీద పడింది. ఎన్ని బల్లలున్నాయో అన్ని బల్లలూ చప్పట్లు కొట్టాయి. పగలంతా కార్ల షోరూములో టై కట్టుకుని కొన్నవాడికీ కొననివాడికీ ఒకేలా చేతులు జోడించే మనిషి అతను. ఆ దీపం కింద నిలబడినప్పుడు మాత్రం తనూ ఒక మనిషినే అనిపించేది. వారం రోజుల మంత్రాలు రెండు గ్లాసుల్లో కరిగిపోయాయి. మూడో గ్లాసయ్యాక దావ్ చెవి దగ్గరకొచ్చి, "రేపు ఎన్నింటికి రమ్మంటావు?" అని అడిగింది.

వద్దని చెప్పడానికి వెళ్ళినవాడు "రెండింటికి" అన్నాడు.

ఇప్పుడు రెండు కావడానికి పది నిమిషాలుంది.

ఇంటి ముందు షామియానా కింద, ప్లాస్టిక్ కుర్చీలో, తెల్లబట్టలు కట్టుకుని కూర్చున్నాడు దేచా. ఒళ్ళో ఇత్తడి పళ్ళెం, అందులో తామరాకు, ఆకు నిండా జుట్టు. మొదటి కుచ్చు అమ్మ బున్మా కత్తిరించింది. ఆమె తర్వాత మేనమామలు, పెద్దమ్మలు, ఇరుగుపొరుగు వరసగా వచ్చారు. ఒక్కొక్కరి ముందూ మోకాళ్ళ మీద వంగి, పూల తట్ట పట్టుకుని, "ఒంటితో, మాటతో, మనసుతో, తెలిసీ తెలియకా చేసిన తప్పులన్నీ మన్నించండి" అనాలి. వాళ్ళు మన్నించినట్టుగా "సాధు" అని తట్ట తాకి, కత్తెర అందుకుని ఒక కుచ్చు కత్తిరించాలి. ఎవరు ఎక్కడ నిలబడ్డారో గానీ అందరి చేతులూ ఎడమ పక్కకే అందాయి. ఎడమ సగం పంట కోసిన మడిలా ఉంది. కుడి పక్క జుట్టు రాత్రి దువ్విన దువ్వు చెదరకుండా నిగనిగలాడుతోంది.

మేనమామ థోంగ్ మైకు పట్టుకుని, తల్లి తొమ్మిది నెలలు మోసిన కష్టం రాగం తీసి పాడుతున్నాడు. ఆడవాళ్ళు కొంగులతో కళ్ళు ఒత్తుకుంటున్నారు. నాగుడు కూడా ఏడవాలి, అది మర్యాద.

దేచాకి ఏడుపు రావడం లేదు. ఒళ్ళు మండిపోతోంది. కంటి వెనక రాత్రి తాగినదంతా సుత్తి పట్టుకుని కొడుతోంది. మే నెల ఎండ. మామ రాగం. పక్కింటి ముసలమ్మ నూరోసారి "ఇప్పటికైనా వాడికి బుద్ధొచ్చింది" అనడం. ముప్పై రెండేళ్ళ మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి తలా ఒక చెయ్యి వేసి తమకి కావలసినట్టు కత్తిరించుకుంటున్నారు, ఒక్కడైనా నీకిది ఇష్టమేనా అని అడిగాడా? ఎవరిమీద కోపమో తేలక అందరిమీదా పెట్టుకున్నాడు. అన్నిటికంటే ఎక్కువగా వీధి మొదట్లో వినిపించే ప్రతి బండి చప్పుడు మీద.

తెల్ల స్కూటరు మీద కన్నికా వచ్చింది. జిల్లా ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ దిగి, ఇంకొకరి బదులు పొద్దుటి డ్యూటీ కూడా చేసి, రేపటికి సెలవు సంపాదించుకుని నేరుగా వచ్చింది. నర్సు బట్టలు ఇంకా మార్చుకోలేదు. కళ్ళ కింద నల్లటి చారలు. చంకలో ఎర్ర జరీ అంచున్న దిండు. ఇద్దరికీ రాత్రుళ్ళు నిద్ర ఉండదని పెళ్ళి మాటలప్పుడు వాళ్ళ నాన్న వేళాకోళం చేశాడు. ఆ మాటకి కన్నికా నవ్వలేదు, దేచా నవ్వాడు.

"అమ్మాయొచ్చింది, ఇక్కడ దారివ్వండర్రా!" అని థోంగ్ మైకులోనే కేకేశాడు. "అసలైన క్షమాపణ ఇప్పుడుంది! ఏడేళ్ళ బాకీ!"

జనం గొల్లున నవ్వారు. కన్నికా కూడా అలసటగా నవ్వింది. సగం తల చూసి, "ఇటు పక్క నాకోసం ఉంచారా?" అంది. దేచా కుర్చీ దిగి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పూల తట్ట రెండు చేతులా ఎత్తాడు.

అప్పుడు వీధిలో పికప్ ఆగింది.

ఎక్ దిగలేదు. బండి దిగింది దావ్. ఆమెను పబ్బు దీపాల్లో తప్ప చూడని దేచా ఒక్క క్షణం గుర్తుపట్టలేకపోయాడు. జుట్టు ముడి వేసుకుంది. మొహానికి రంగు లేదు. ఎవరో పెద్దావిడ దగ్గర అడిగి తెచ్చుకున్నట్టున్న ఆకుపచ్చ పట్టు లుంగీ మడమల దాకా కట్టుకుంది. రెండు చేతుల మీద, దుమ్ము పడకుండా ప్లాస్టిక్ కాగితం చుట్టి, దిండు. కాగితంలోంచి దేచా పేరు కనబడుతోంది, పసుపు దారంతో, వంకర టింకరగా, సొంత చేత్తో కుట్టిన అక్షరాల్లో.

ఆమె దిగడం ఆలస్యం, ఎక్ బండి వెనక్కి తిప్పుకుని దుమ్ము లేపుకుంటూ పోయాడు.

బున్మా ఎదురెళ్ళింది. ఇంటికొచ్చిన మనిషిని ఎవరని అడిగే ముందు మంచినీళ్ళిచ్చే ఇల్లాలు. "దా అమ్మా, ఎండనపడి వచ్చావు. ఎవరి తాలూకు నువ్వు?"

దావ్ వంగి నమస్కారం పెట్టింది. పాడే గొంతు కదా, మెల్లగా అన్నా ఖణీమంది. "దిండు మొయ్యడానికి వచ్చానమ్మా."

థోంగ్ మామ చేతిలోని మైకు ఆర్పలేదు. దిండు మొయ్యడానికి వచ్చానన్న మాట షామియానా స్తంభానికి కట్టిన రెండు లౌడ్ స్పీకరు భోంగాల్లోంచి వీధి చివరిదాకా, వీధి చివర్నుంచి వరి పొలాల దాకా వెళ్ళింది.

"దిండా?" అని థోంగ్ మామ నవ్వబోయాడు. "దిండు మోసే పిల్ల వచ్చేసిందే అమ్మా, నువ్వు ఇంకో ఇంటికి..." అంటూ కన్నికా వైపు చూసి, ఆ నవ్వు మొహం మీద ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మింగేశాడు.

దావ్ అప్పుడు చూసింది. తెల్లబట్టల నర్సుని, ఆమె చంకలో దిండుని, ఆమె ముందు మోకాళ్ళ మీద ఉన్న మనిషిని.

"ఎవరు రమ్మన్నారు నిన్ను?" అడిగింది కన్నికా. రోగిని ఎక్కడ నొప్పి అని అడిగే గొంతు అది.

"ఆయనే."

"ఎప్పుడు?"

"నెల కిందట అన్నాడు. మళ్ళీ రాత్రి అన్నాడు."

"రాత్రి ఆయన విహారంలో ఉన్నాడమ్మా."

"పన్నెండింటికి నా ముందు బల్ల దగ్గరున్నాడక్కా. అబద్ధమైతే ఆయన్నే అడగండి. నేను ఉన్న పనల్లా మానుకుని అబద్ధం చెప్పడానికి వంద కిలోమీటర్లు రానుగా."

ఆ మాట పూర్తిగా అర్థమైంది బున్మాకే. "రాత్రి గోడ దాటావట్రా? నాగుడివై ఉండి గడప దాటావా?" దీక్ష ముందు నాగుడు బయట అడుగు పెడితే ఏదో ఒకటి మింగేస్తుందని పుట్టినప్పట్నుంచీ విని పెరిగిన మనిషి. "మా చిన్నాన్న కొడుకు ఇలాగే వెళ్ళాడు. తెల్లవారి వాణ్ణి గొరగని తలతో శవంగా ఇంటికి తెచ్చారు. ఆ కథ నీకు ఎన్నిసార్లు చెప్పానురా వెధవా, ఎన్నిసార్లు చెప్పాను!" అంటూ గ్లాసులో నీళ్ళు అతని మొహాన కొట్టింది. నీళ్ళు ఎడమ పక్క బోడి నెత్తి మీంచి జారి, కుడి పక్క జుట్టుని అతికించేశాయి.

"మైకు ఆపండి మావయ్యా," అన్నాడు దేచా.

"నువ్వు ముందు నోరు తెరువు," అన్నాడు థోంగ్. మైకు మాత్రం ఆపాడు.

"తాగి ఏదో అన్నాను," అన్నాడు దేచా. నేల వైపు చూస్తూ అన్నాడు. "తాగినవాడి మాట పట్టుకుని ఇంత దూరం వస్తారా ఎవరైనా?"

అప్పటిదాకా బెదురుగా ఉన్న దావ్ మొహం ఒక్కసారిగా ఎర్రబడింది. "తాగా? రాత్రి మూడు గ్లాసులు తాగావు. పోసింది నేనే. మూడు గ్లాసులకి నీ కాలు కూడా తడబడదు, ఆ సంగతి నాకు తెలీదా? ఐదేళ్ళుగా బల్లలకి బల్లలు తాగినవాళ్ళని చూస్తున్నా. రా, కూర్చో, పాడు, తాగు, ఎక్కు, దిగు అనేవాళ్ళు నాకు కరువా? దిండు మొయ్యి అన్నవాడు ఒక్కడు. అందుకు వచ్చాను." ప్లాస్టిక్ కాగితాన్ని గట్టిగా పట్టుకుంది. "కుట్టు రాదు నాకు. మూడుసార్లు విప్పి కుట్టాను."

షామియానా కింద ఒక ఆడమనిషి ముక్కు చీదింది. ఎవరి మీద జాలిపడాలో ఊరికి అంతుపట్టడం లేదు.

"సరే! అన్నాను! అయితే ఏంటి?" దేచా తట్ట కింద పెట్టి లేచాడు. సగం తల, తడిసిన బట్టలు, ఎవరికైనా నవ్వు రావలసిన వాలకం. ఎవరూ నవ్వలేదు. "నన్నొక్కడు అడిగాడా? మీ నాన్నకి నేను పచ్చి మనిషిని. మా అమ్మ నా కాషాయం కొంగు పట్టుకుని స్వర్గానికి పోవాలి. నీకు తేదీ కావాలి. అందరికీ అన్నీ కావాలి! నాకేం కావాలో ఈ ఇంట్లో ఎవరైనా ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, అడిగారా?"

"ఏడేళ్ళు అడిగాను," అంది కన్నికా. "అడిగినప్పుడల్లా ఆకలేస్తోంది, అన్నం పెట్టు అన్నావు."

దేచా మొహం మీది నీళ్ళు చేత్తో తుడుచుకున్నాడు.

"పెట్టాను కూడా. అదే నేను చేసిన తప్పు." దిండుని ఖాళీ కుర్చీలో పెట్టింది. జోళ్ళు విడిచి చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది, పెద్దవాళ్ళు కూర్చున్నట్టు. "తట్ట తియ్యి. నా వంతు ఇంకా అవ్వలేదు."

"కన్నికా, ఇప్పుడు కాదు..."

"ఇప్పుడే. అందరి ముందూ. రేపు లోపల నిన్ను మనిషివేనా అని అడుగుతారట కదా. అవును అని జవాబు బట్టీ పట్టావు కదా? ఈ రోజు నేనడుగుతున్నాను. కూర్చో."

బున్మా కొడుకు భుజం మీద చెయ్యేసి కిందికి నొక్కింది. ఆ బక్క చేతిలో అంత బలం ఉందని అతనికి అప్పుడే తెలిసింది. మోకాళ్ళ మీద పడ్డాడు. తట్ట ఎత్తాడు. పొద్దుట్నుంచీ నలభై మందికి అప్పజెప్పిన మాటలు వాటంతటవే దొర్లాయి. "ఒంటితో, మాటతో, మనసుతో, తెలిసీ తెలియకా చేసిన తప్పులన్నీ..."

"తెలియక చేసినవి వదిలెయ్," అంది కన్నికా. "అవి నేనెప్పుడో వదిలేశాను. తెలిసి చేసినవి చెప్పు. ఒక్కొక్కటీ."

మూల కూర్చున్న పెద్దాయన ఒకరు, "అలా అడక్కూడదమ్మా, ఆచారంలో లేదు," అని గొణిగాడు.

"ఆచారంలో రెండు దిండ్లు కూడా లేవు తాతా."



దేచా తట్టలోని మల్లెపూల వైపు చూశాడు. కోపంతో చెవులు గుయ్యిమంటున్నాయి. ఇంత జనం ముందు, బడిపిల్లాణ్ణి నిలబెట్టినట్టు. లేచి పోదామా అనిపించింది. ఎక్కడికి పోతాడు? ఈ తలతో ఏ పబ్బు తలుపు తోస్తాడు? షోరూములో ఏ టై కట్టుకుంటాడు? సగం కత్తిరించిన తల పెట్టుకుని వెళ్ళగలిగిన చోటు భూమ్మీద ఒక్కటీ లేదు. ఆ సంగతి తట్టినప్పుడు నోరు దానంతటదే తెరుచుకుంది.

"రాత్రి గోడ దూకాను."

"ఊఁ."

"నెల కిందట ఆ మాట అన్నాను. రాత్రి మళ్ళీ అన్నాను. వద్దని చెప్పడానికే వెళ్ళాను. చెప్పలేదు."

దావ్ తల పక్కకి తిప్పుకుంది.

"ఊఁ."

"మీ నాన్నకి గుండెనొప్పి వచ్చిన రోజు... ఫోను చార్జింగ్ లేదన్నాను. ఉంది. చూసి జేబులో పెట్టుకున్నాను. పబ్బులో పాట మధ్యలో ఉంది."

కన్నికా కనురెప్ప వెయ్యలేదు. ఆ రోజు తనొక్కతే తండ్రిని మెట్లమీంచి మోసుకుని దింపింది. ఆ మెట్లు ఇప్పుడు ఆమె మొహంలో కనబడ్డాయి. "ఇంకా?"

"రెండేళ్ళ కిందట సంక్రాన్ కొత్తేడు పండక్కి బాంకాక్‌లో ట్రైనింగ్ అన్నాను. ట్రైనింగ్ లేదు. ఎక్‌తో..." ఆగాడు. "నీ డ్యూటీ చార్టు నా ఫోన్లో పెట్టుకున్నాను, గుర్తుందా? ఎంత ప్రేమో అని మీ వాళ్ళందరికీ చెప్పావు. నీకు రాత్రి డ్యూటీ ఎప్పుడుందో చూసుకుని నేను బయటికెళ్ళేవాణ్ణి."

ఎవరో "ఛీ" అన్నారు. ఎవరో కాదు, బున్మాయే. కొడుకు భుజం మీంచి చెయ్యి తీసేసింది.

"ఇంకా?" అంది కన్నికా.

"అంతే."

ఆ మాటకి దావ్ చటుక్కున తలెత్తి అతని వైపు చూసింది. అతను ఆమె వైపు చూడలేదు.

కన్నికా తట్ట వైపు చెయ్యి చాపలేదు. సాధు అనలేదు. లేచి, జోళ్ళు తొడుక్కుని, కుర్చీలో పెట్టిన దిండు తీసుకుని బున్మా దగ్గరికి వెళ్ళింది.

"అమ్మా, రేపు దిండు నేనే మోస్తాను. అన్నం వండించావు, ఊరంతటినీ పిలిచావు, కాషాయం కొన్నావు. నీకోసం మోస్తాను. విహారం గుమ్మం దాకా మోసి అక్కడ దింపేస్తాను. లోపలికెళ్ళేది మీవాడు. బయటికెప్పుడొస్తాడో, ఎటు పోతాడో, అది నా సంగతి కాదు. పదహారో రోజున మా ఇంటికి ఎవరూ రావద్దు. మా నాన్నకి నేనే చెప్పుకుంటాను."

"అంత మాట అనకు తల్లీ..." బున్మా ఆమె చెయ్యి పట్టుకుంది. "వాణ్ణి తిట్టు, కొట్టు. కత్తెర తీసుకుని ఆ చెవి కోసెయ్, నేనొద్దన్ను. ఆ ఒక్క మాటా అనకు."

కన్నికా ఆ చెయ్యి మెల్లగా విడిపించుకుంది. షామియానా అంచున, ఎటు వెళ్ళాలో తెలియక, ఎండలో సగం నీడలో సగం నిలబడ్డ దావ్ వైపు తిరిగింది. ఇప్పుడు కొట్టుకుంటారని ఊరంతా ఊపిరి బిగబట్టింది.

"భోంచేశావా?" అడిగింది.

దావ్ తల అడ్డంగా ఊపింది.

"రా. తిని వెళ్దువుగాని. వచ్చిన బండి పోయింది కదా, నేను బస్సు దగ్గర దింపుతాను."

ఇద్దరూ వంటల వైపు నడిచారు. మాంసం తరుగుతున్న ఆడవాళ్ళు జరిగి చోటిచ్చారు. ఎవరో రెండు ఆకుల్లో జిగురన్నం, లాప్ అనే కైమా కూర వడ్డించి పెట్టారు. రెండు దిండ్లూ పక్క పక్కన బల్ల మీద కూర్చున్నాయి.

ఇంతలో విహారం పెద్ద, ముసలి భిక్షువు, శిష్యుడి భుజం పట్టుకుని వచ్చాడు. జరిగింది విన్నాడో లేదో మొహం చూసి చెప్పడం కష్టం. భోంగాలు ఆయన విహారం దాకా వినపడతాయి మరి. "కూర్చో," అన్నాడు. దేచా కూర్చున్నాడు. ముసలాయన దోసిట్లో నీళ్ళు తీసుకుని అతని తల మీద పోసి, కత్తి పెట్టాడు.

జనానికి ఊపిరాడింది. అరిష్టం ఏదో తప్పిపోయినట్టు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని మాటల్లో పడ్డారు. రేపటి ఊరేగింపుకి తెచ్చిన పాటల లారీ వీధిలోకొచ్చి, స్పీకరు డబ్బాలు సరి చూసుకోవడానికి ఒక్కసారి మోత పెట్టింది. నేల అదిరింది. ఎవరి మాట ఎవరికీ వినపడటం లేదు.

కుడి పక్క జుట్టు తడి ముద్దలుగా తామరాకులో పడుతోంది. దేచాకి లోలోపల ఒక దరిద్రపు నిబ్బరం. అయిపోయింది. చెప్పాల్సినవి చెప్పేశాడు. ఆమె కోపం ఆమెది. పదిహేను రోజుల్లో చల్లబడుతుంది, ఎన్నిసార్లు చల్లబడలేదు? వెధవ అన్నం ఇప్పుడు కూడా ఆమే పెడుతోంది కదా, వచ్చినదానికి కూడా.

"కదలకు," అన్నాడు భిక్షువు చెవి దగ్గరగా వంగి. కత్తి మెడ వెనక్కి వచ్చింది.

తల వంచి ఉండటం వల్ల అతనికి కంటి కొసల్లోంచి వంటల పక్క బల్ల మాత్రం కనబడుతోంది. దావ్ తినడం లేదు, మాట్లాడుతోంది. కన్నికా ముద్ద చేతిలో పట్టుకుని వింటోంది. దావ్ చేతులతో ఏదో పెద్ద బోర్డు గీసి చూపించింది. తర్వాత వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. ఒక చెయ్యి అయ్యాక రెండో చెయ్యి.

ఆమె ఏం లెక్కపెడుతోందో దేచాకి తెలుసు.

అంతే అన్నాడు కదా ఇందాక. అంతే కాదు. పట్టాయాలో ఎక్ తెరుస్తున్న బారుకి నిర్వాహకుడిగా ఉంటానని పోయిన నెలలోనే ఒప్పుకున్నాడు. దావ్ అక్కడ పాడుతుంది. గది కూడా చూసి పెట్టారు. కాషాయం విప్పిన రోజే, పదహారో రోజు సాయంత్రం, రిబ్బను కత్తిరించడం. నిశ్చితార్థం రోజే అది. ఆ రోజుకి రెండు చోట్లా మాటిచ్చాడు. ఎక్కడికి వెళ్ళాలో ఆ రోజు పొద్దున లేచాక చూసుకుందాం అనుకున్నాడు.

బల్ల దగ్గర కన్నికా చేతిలో ముద్ద ఆకులో పెట్టేసింది. లేచింది. చెయ్యి కూడా కడుక్కోకుండా ఇటే నడిచి వస్తోంది. దేచా లేవబోయాడు.

"కదలకు అన్నానా," అన్నాడు ముసలాయన. నెత్తి అయిపోయింది, ఇక కనుబొమ్మలు కూడా తీసెయ్యాలి. చూపుడువేలితో అతని నుదురు వెనక్కి నెట్టి, ఎడమ కనుబొమ్మ మీద నీళ్ళు రాశాడు. "కళ్ళు మూసుకో."

మూసుకున్నాడు. కత్తి చల్లగా కనుబొమ్మని చుట్టుకుంటూ వెళ్ళింది. చీకట్లో పాట మోత. ఆ మోతలోనే, భిక్షువుకి ఎడంగా, అయినా చాలా దగ్గరగా ఆగిన అడుగులు.

"పదహారో రోజు సాయంత్రం ఎక్కడుంటావు?"

కత్తి కుడి కనుబొమ్మకి వచ్చింది.

"కళ్ళు తెరిచి చెప్పు," అంది కన్నికా.

"మూసుకునే ఉండు, తెగుతుంది," అన్నాడు ముసలాయన.

ఏం చెప్పినా ఒకటే అయ్యే చోటికి వచ్చానని దేచాకి తెలుసు. అబద్ధం కూడా నాలిక చివరే ఉంది, ఎప్పట్లాగే వెచ్చగా, వాడకానికి నున్నబడి. "మీ ఇంట్లో" అంటే చాలు. రెండే మాటలు. వందసార్లు అన్న మాటలు.

కళ్ళు తెరిచాడు. రెప్ప పైన సన్నగా మండింది. కంట్లోకి ఎర్రగా ఒక బొట్టు దిగింది. ఆ ఎరుపులోంచే ఆమె కనబడింది.

"పట్టాయాలో," అన్నాడు.

కన్నికా అరవలేదు, ఏడవలేదు. వెనక్కి తిరిగి లారీ వాడికి చెయ్యెత్తి చూపించింది. పాట టక్కున ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో ఊళ్ళో ప్రతి తలా ఇటు తిరిగింది. వంటల దగ్గర గరిటె పట్టుకుని నిలబడ్డ బున్మా కూడా.

"ఇంకోసారి చెప్పు," అంది కన్నికా. "మీ అమ్మకి వినపడేలా."